హృదయ కవాట మరమ్మతు సాధనాలు

హృదయ కవాట మరమ్మతు సాధనాలు అనగా సరిగా మూసుకోక రక్తాన్ని వెనుకకు వదిలే గుండె కవాటాలను బాగుచేయడానికి శరీరంలో శాశ్వతంగా అమర్చే చిన్న పరికరాలు. వాడుకలో "వాల్వు లీకు" అనే ఈ జబ్బును వైద్య పరిభాషలో ప్రతిప్రవాహం అంటారు. కవాటాన్ని తీసివేసి దాని స్థానంలో కృత్రిమ కవాటాన్ని పెట్టడం "మార్పిడి". ఉన్న కవాటాన్ని ఉంచి దానికి వలయం, దారం, క్లిప్పు వంటి ఆధారం కల్పించడం "మరమ్మతు". ఈ వ్యాసం ముఖ్యంగా రెండవ దాని గురించి. ఈ సాధనాలలో అధికభాగం ద్విపత్ర కవాటానికి ఉద్దేశించినవి కనుక వివరణ కూడా ఆ కవాటం చుట్టూనే సాగుతుంది. తెలంగాణలోని జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి జిల్లాల వంటి ప్రాంతాలలో ఈ చికిత్సలు ఎవరికి ఉపయోగపడతాయి, ఎవరికి ఉపయోగపడవు అన్న విషయం వ్యాసం చివరి భాగంలో చర్చించబడింది.

కవాటం నిర్మాణం

మానవుని గుండెలో నాలుగు గదులు, నాలుగు కవాటాలు ఉంటాయి. ఎడమ కర్ణికకు, ఎడమ జఠరికకు నడుమ ఉన్నది ద్విపత్ర కవాటం. పాఠ్యపుస్తకాలలో దీనిని అగ్రద్వయ కవాటం అని కూడా వ్రాస్తారు. వైద్యులు, రోగులు అందరూ మైట్రల్ వాల్వు అంటారు. క్రైస్తవ బిషప్పులు ధరించే రెండు కొనల టోపీని మైటర్ అంటారు. ఆ పోలికను బట్టి 16వ శతాబ్దపు శరీర నిర్మాణ శాస్త్రవేత్త వెసేలియస్ ఈ కవాటానికి ఆ పేరు తెచ్చాడు.

దీనిని రెండు రెక్కల తలుపుగా ఊహించుకోవచ్చును కాని ఆ పోలిక కొంతవరకే పనికివస్తుంది. తలుపుకు గడపా ద్వారబంధమూ గట్టిగా ఉంటాయి, బందులు కదలవు. ఇక్కడ ద్వారబంధం వంటి కవాట వలయం గుండె కొట్టుకున్నప్పుడల్లా ఆకారం మార్చుకుంటుంది. రెక్కలు పలుచని పొరలు. అవి కర్ణిక వైపుకు తిరగబడకుండా స్నాయు రజ్జువులు అనే సన్నని దారాలు వాటి అంచులను పట్టి ఉంచుతాయి. ఆ దారాల రెండవ కొసలు జఠరిక గోడ నుండి పొడుచుకువచ్చిన పాపిల్లరీ కండరాలకు అతుక్కుని ఉంటాయి. ఈ విధంగా చూస్తే గాలివాటానికి గొడుగు తిరగబడకుండా ఊచలు పట్టి ఉంచడం ఇంతకన్నా దగ్గరి పోలిక. వలయం, రెక్కలు, రజ్జువులు, కండరాలు, జఠరిక గోడ అనే ఈ ఐదింటిలో ఏది చెడినా కవాటం కారుతుంది. మరమ్మతు సాధనాలు ఇన్ని రకాలుగా ఉండటానికి కారణం ఇదే.

తెరచుకున్నప్పుడు ఈ కవాటపు ద్వారం వైశాల్యం 4 నుండి 6 చదరపు సెంటీమీటర్లు ఉంటుంది. ఈ సంఖ్యను పాఠకులు గుర్తుంచుకోవాలి. క్లిప్పు ఎవరికి పెట్టవచ్చునో తేల్చేటప్పుడు ఇది మళ్ళీ వస్తుంది.

లీకు వలన జరిగేది

ఎడమ జఠరిక ముడుచుకున్నప్పుడు రక్తమంతా బృహద్ధమనిలోనికి పోవాలి. ద్విపత్ర కవాటం మూసుకోకపోతే అందులో కొంత భాగం వెనుకకు, ఎడమ కర్ణికలోనికి చిమ్ముతుంది. ఒక్కొక్క స్పందనకు 60 మిల్లీలీటర్లు గాని అంతకు మించి గాని వెనుకకు పోతే దానిని సాధారణంగా తీవ్రమైన లీకుగా లెక్కిస్తారు. శరీరానికి కావలసిన రక్తాన్ని అందించడానికి జఠరిక ప్రతిసారీ అదనపు రక్తాన్ని తోయవలసి వస్తుంది కాబట్టి అది క్రమంగా సాగుతుంది. జఠరిక సాగితే వలయం వెడల్పవుతుంది. వలయం వెడల్పైతే రెక్కల మధ్య సందు పెరుగుతుంది. సందు పెరిగితే లీకు మరింత పెరుగుతుంది. లీకే లీకును పెంచుతుందన్న మాట.

వెనుకకు పోయిన రక్తం ఒత్తిడి ఊపిరితిత్తుల వరకు ప్రాకుతుంది. మెట్లెక్కితే ఆయాసం, వెల్లకిలా పడుకుంటే ఊపిరాడక లేచి కూర్చోవడం, గుండెదడ, చివరి దశలో కాళ్ళవాపు దీని లక్షణాలు. అయితే చాలామందిలో ఏళ్ళ తరబడి ఏ లక్షణమూ ఉండదు. పొలం పనికి పోయే మనిషి ఆయాసాన్ని వయసుకో, రక్తహీనతకో, ఉబ్బసానికో అంటగట్టుకోవడం సాధారణం. స్టెతస్కోపుతో వింటే వినిపించే మర్మర ధ్వని మొదటి ఆధారం. అల్ట్రాసౌండు తరంగాలతో చేసే ఎకో పరీక్ష జబ్బును నిర్ధారిస్తుంది. దీనినే మన ఊళ్ళలో "టూడీ ఎకో" అంటారు.

లీకు రకాలు

లీకును రెండు పెద్ద తరగతులుగా విభజిస్తారు. కవాటమే చెడిపోతే అది ప్రాథమికం: రెక్క సాగి కర్ణికలోనికి జారడం, రజ్జువు తెగడం, కీళ్ళవాత జ్వరం వలన రెక్కలు దళసరి కావడం, సూక్ష్మజీవుల సోకుడు వలన రెక్కకు చిల్లు పడటం ఈ కోవలోనివి. కవాటం బాగానే ఉండి, గుండెపోటు వలన గాని కండర బలహీనత వలన గాని జఠరిక సాగిపోయి రెక్కలు కలవకపోతే అది ద్వితీయం. రెండవ రకంలో అసలు జబ్బు కండరానిది, లీకు దాని ఫలితం. అందువలన మందులతో ప్రారంభించడం నియమం. కొందరిలో మందులతోను, ప్రత్యేక పేస్‌మేకరుతోను జఠరిక కుంచించుకుని లీకు తనంతట తానే తగ్గుతుంది.

ఫ్రెంచి శస్త్రవైద్యుడు అలాన్ కార్పెంటియర్ రెక్కల కదలికను బట్టి మరో వర్గీకరణ చేశాడు. రెక్కలు మామూలుగా కదులుతూ వలయం వెడల్పైతే మొదటి రకం, రెక్క హద్దు దాటి కదిలితే రెండవ రకం, కదలిక తగ్గిపోతే మూడవ రకం. ఇది చూడటానికి చిన్న విషయమే కాని శస్త్రచికిత్స బల్ల దగ్గర నేటికీ ఈ వర్గీకరణనే అనుసరిస్తారు. ఎందుకంటే ఏ రకమో తెలిస్తే ఏ సాధనం వాడాలో దాదాపు తెలిసిపోతుంది.

వలయాలు

శస్త్రచికిత్సలో అమర్చే మరమ్మతు సాధనాలలో మొదట స్థిరపడినది వలయం. కార్పెంటియర్ 1968లో సాగిపోయిన కవాట వలయానికి లోపలి వైపు గట్టి ఉంగరాన్ని కుట్టి, దానిని తిరిగి సహజ ఆకారానికి తెచ్చే పద్ధతిని ప్రవేశపెట్టాడు. అప్పటివరకు వెడల్పైన వలయాన్ని కుట్లతో బిగించేవారు, కాని అవి కొంతకాలానికి సడలేవి. కార్పెంటియర్ ఉంగరం గుండ్రంగా కాక ఒక వైపు బల్లపరుపుగా, ఆంగ్ల అక్షరం డి ఆకారంలో ఉంటుంది. వైశాల్యాన్ని తగ్గించడం ఒక్కటే కాదు, ఆకారాన్ని తిరిగి తేవడం ముఖ్యమని ఆయన వాదన. తన పద్ధతులన్నింటిని కలిపి 1983లో ప్రచురించిన వ్యాసం తరువాత "ఫ్రెంచి సవరణ" అన్న పేరు ప్రపంచమంతటా స్థిరపడింది. 2007లో కార్పెంటియర్‌కు, కృత్రిమ కవాటాన్ని 1960లో విజయవంతంగా అమర్చిన అమెరికా వైద్యుడు ఆల్బర్ట్ స్టార్‌కు కలిపి లాస్కర్ పురస్కారం లభించింది. మరమ్మతుకూ మార్పిడికీ మూలపురుషులైన ఇద్దరినీ ఒకే వేదికపై గౌరవించడం సముచితంగా ఉంది.

తరువాత స్పెయిన్‌కు చెందిన కార్లోస్ డురాన్ వంగే స్వభావం గల వలయాన్ని రూపొందించాడు. గుండెతో పాటు వలయం కూడా కదలాలన్నది అతని ఆలోచన. వెనుక భాగాన్ని మాత్రమే బిగించే సగం ఉంగరాలు, అనగా పట్టీలు, ఆ తరువాత వచ్చాయి. గట్టివా, వంగేవా అన్న వాదం పూర్తిగా తెగలేదు. ద్వితీయ రకం లీకుకు గట్టి సంపూర్ణ వలయాన్ని ఎక్కువమంది ఎన్నుకుంటారు. వలయపు లోపలి చట్రం లోహంతో గాని ప్లాస్టిక్కుతో గాని ఉండి, దానిపై పాలియెస్టరు బట్ట తొడుగు ఉంటుంది. కుట్లు ఆ బట్టలో నుండి పోతాయి. కొన్ని నెలలలో శరీర కణజాలం బట్ట పైకి ప్రాకి దానిని కప్పివేస్తుంది.

తెగిన రజ్జువుల స్థానంలో అమర్చే కృత్రిమ దారాలు మరో ముఖ్య సాధనం. ఇవి సాగదీసిన పాలీటెట్రాఫ్లోరోఎథిలీను అనే పదార్థంతో తయారవుతాయి. నాన్‌స్టిక్ పెనాలకు పూసే టెఫ్లాను ఈ పదార్థమే. దారం పొడవు సరిగా కొలవడంలోనే ఇక్కడి పనితనమంతా ఉంది. పొడవైతే రెక్క మళ్ళీ జారుతుంది, పొట్టిదైతే రెక్క మూసుకోదు. ఆగి ఉన్న గుండెలో కొలిచి కట్టిన దారం కొట్టుకునే గుండెలో ఎలా ఉంటుందో ముందుగా అంచనా వేయాలి. ఈ ఇబ్బందిని తప్పించడానికే గుండె కొట్టుకుంటూ ఉండగా, పక్కటెముకల మధ్య చిన్న కోత ద్వారా దారం వేసే నియోకార్డ్ అనే పరికరం వచ్చింది. దీనికి ఐరోపాలో 2012లో అనుమతి లభించింది.

అంచుకు అంచు

1991లో ఇటలీలోని మిలాను నగరంలో ఒటావియో అల్ఫియేరి అనే శస్త్రవైద్యుడు ఒక సులువైన ఉపాయం చేశాడు. కారుతున్న చోట రెండు రెక్కల అంచులను ఒక్క కుట్టుతో కలిపివేశాడు. మధ్యలో కుట్టు పడటంతో కవాటం రెండు రంధ్రాలుగా తెరచుకుంటుంది, ముడుచుకున్నప్పుడు మాత్రం కారదు. కవాటాన్ని సహజ రూపానికి తేవాలన్న ఫ్రెంచి సంప్రదాయానికి ఇది విరుద్ధం కనుక మొదట్లో పలువురు శస్త్రవైద్యులు దీనిని అనుమానంగా చూశారు. అయినా సులువుగా ఉండటమే దాని బలమైంది. ఒక్క కుట్టుతో పని జరిగితే, ఆ కుట్టు స్థానంలో ఒక క్లిప్పును రక్తనాళం గుండా పంపి బిగించవచ్చు కదా అన్న ఆలోచన తరువాతి అడుగు.

అమెరికాలో 1999లో స్థాపించబడిన ఎవాల్వ్ అనే సంస్థ ఈ ఆలోచనను పరికరంగా మార్చింది. దానికి మైట్రాక్లిప్ అని పేరు. 2003లో వెనిజులా రాజధాని కారకాస్‌లో మొదటి రోగికి అమర్చారు. 2008లో ఐరోపాలో, 2013లో అమెరికాలో అనుమతి లభించింది. ఈలోగా 2009లో ఎవాల్వ్ సంస్థను అబాట్ కొనుగోలు చేసింది. ప్రపంచవ్యాప్తంగా రెండు లక్షలకు పైగా రోగులకు ఈ క్లిప్పు అమర్చబడింది. ఎడ్వర్డ్స్ సంస్థవారి పాస్కల్ అనే పరికరం ఇదే తరహాది. దీని నడుమ సందును నింపే చిన్న మెత్తని భాగం ఉంటుంది. దీనికి 2019లో ఐరోపాలోను, 2022లో అమెరికాలోను అనుమతి వచ్చింది.

క్లిప్పు అమర్చే విధానము

క్లిప్పు కోబాల్టు, క్రోమియముల మిశ్రమలోహంతో చేయబడి పాలియెస్టరు బట్టతో కప్పబడి ఉంటుంది. బట్టలు ఆరవేసినప్పుడు పెట్టే క్లిప్పు ఎలా పనిచేస్తుందో ఇదీ స్థూలంగా అలాగే పనిచేస్తుంది. రెండు చేతులు కింది నుండి రెక్కలను ఎత్తి పడితే, పై నుండి ముళ్ళుగల రెండు పట్టీలు వాటిని అదుముతాయి.

రోగికి మత్తు ఇచ్చి, అన్నవాహిక గుండా ఎకో గొట్టాన్ని దింపుతారు. గుండె అన్నవాహికను ఆనుకుని ఉండటం వలన బొమ్మ స్పష్టంగా కనబడుతుంది. తొడ మొదట్లోని సిర గుండా సుమారు 8 మిల్లీమీటర్ల వ్యాసం గల కాథెటరు గొట్టాన్ని కుడి కర్ణిక వరకు పంపుతారు. అక్కడి నుండి ఎడమ కర్ణికకు సహజమైన దారి లేదు కనుక రెండు కర్ణికల మధ్య గోడను సూదితో పొడిచి దారి చేస్తారు. ఏ ఎత్తులో, ఎంత వెనుకగా పొడవాలన్నది చాలా జాగ్రత్తగా నిర్ణయిస్తారు. అది తప్పితే తరువాత క్లిప్పును ఎంత తిప్పినా కవాటానికి లంబంగా నిలబడదు. క్లిప్పును కవాటం దాటించి జఠరికలోనికి దింపి, చేతులు విప్పి, మెల్లగా వెనుకకు లాగుతూ రెండు రెక్కలూ చేతులలో పడ్డాక మూస్తారు.

ఇక్కడ ఈ పరికరం గొప్పదనం కనబడుతుంది. క్లిప్పు మూసిన తరువాత కూడా అది గొట్టానికే తగులుకుని ఉంటుంది. గుండె కొట్టుకుంటూనే ఉంది కాబట్టి లీకు ఎంత తగ్గిందో అప్పటికప్పుడే చూడవచ్చు. నచ్చకపోతే విప్పి మళ్ళీ పట్టవచ్చు, మరో క్లిప్పు చేర్చవచ్చు, పూర్తిగా వెనుకకు తీసుకోవచ్చు. తృప్తి కలిగాకనే వదులుతారు. తెరచిన గుండెపై శస్త్రచికిత్సలో గుండెను ఆపి, శ్వాసక్రియను యంత్రానికి అప్పగించి, పని ముగిశాకగాని ఫలితం తెలియదు. క్లిప్పు రోగి తరచు రెండు మూడు రోజులలో ఇంటికి వెళ్ళవచ్చును.

క్లిప్పు వలన వచ్చే ప్రమాదాలలో ముఖ్యమైనవి: క్లిప్పు ఒక రెక్కను విడిచి మరొక రెక్కకు వ్రేలాడటం, సిర వద్ద రక్తస్రావం, గుండె పొరలో రక్తం చేరడం, అరుదుగా పక్షవాతం, కవాటం మరీ ఇరుకైపోవడం.

పరిశోధనలు తేల్చినది

2011లో వెలువడిన ఎవరెస్ట్-2 పరిశోధనలో 279 మంది రోగులను క్లిప్పుకు, శస్త్రచికిత్సకు కేటాయించి పోల్చారు. సంవత్సరం తరువాత మరణం గాని, మళ్ళీ శస్త్రచికిత్స గాని, ఎక్కువ లీకు గాని లేకుండా ఉన్నవారు క్లిప్పు వర్గంలో 55 శాతం, శస్త్రచికిత్స వర్గంలో 73 శాతం. లీకును తగ్గించడంలో శస్త్రచికిత్సదే పైచేయి. మొదటి 30 రోజులలో ముఖ్యమైన ఇబ్బందులు మాత్రం క్లిప్పు వర్గంలో 15 శాతం, శస్త్రచికిత్స వర్గంలో 48 శాతం. ఈ తేడాలో పెద్ద భాగం రక్తం ఎక్కించవలసి రావడమే. అందువలన ప్రాథమిక లీకుకు నేటికీ శస్త్రచికిత్సే మొదటి చికిత్స. వయసు, ఇతర జబ్బుల వలన దానిని తట్టుకోలేని వారికి క్లిప్పు.

ద్వితీయ లీకు విషయంలో 2018లో ఒక విచిత్రం జరిగింది. కొద్ది వారాల తేడాతో రెండు పరిశోధనలు వెలువడి పరస్పర విరుద్ధమైన ఫలితాలనిచ్చాయి. ఫ్రాన్సులో జరిగిన మైట్రా-ఎఫ్.ఆర్. పరిశోధనలో, సుమారు 300 మంది రోగులలో, మందులకు క్లిప్పు చేర్చినందువలన ఏ లాభమూ కనబడలేదు. అమెరికా, కెనడాలలో 614 మందిపై జరిగిన కోఆప్ట్ పరిశోధనలో రెండేళ్ళలో మరణించినవారు మందుల వర్గంలో 46.1 శాతం కాగా క్లిప్పు వర్గంలో 29.1 శాతం మాత్రమే. గుండె వైఫల్యంతో ఆసుపత్రిలో చేరవలసి రావడం కూడా సుమారు సగానికి తగ్గింది.

ఒకే పరికరం, ఒకే జబ్బు, రెండు ఫలితాలు ఎలా? ఎక్కువమంది ఆమోదించిన వివరణ ఇది: కోఆప్ట్‌లో మందులను గరిష్ఠ మోతాదుకు పెంచి చూశాక కూడా లీకు తగ్గనివారినే తీసుకున్నారు, వారిలో లీకు ఎక్కువ, జఠరిక సాగుదల తక్కువ. ఫ్రెంచి రోగులలో జఠరిక బాగా సాగిపోయి ఉంది, లీకు అంతగా లేదు. కండరమే చెడిపోయిన చోట కవాటాన్ని బిగించి ప్రయోజనం లేదన్న మాట. 2024లో వెలువడిన రీషేప్-హెచ్.ఎఫ్.2 పరిశోధన క్లిప్పుకు అనుకూలంగా ఉండగా, అదే సంవత్సరం జర్మనీలో జరిగిన మాటర్‌హార్న్ పరిశోధన ద్వితీయ లీకులో క్లిప్పు ఒక సంవత్సరం వరకు శస్త్రచికిత్సకు తీసిపోదని చూపింది.

ఇతర సాధనాలు

గుండె వెనుక వైపు ద్విపత్ర వలయాన్ని చుట్టి కరొనరీ సైనసు అనే పెద్ద సిర పోతుంది. ఈ సిరలో ఒక నిటినాల్ తీగను అమర్చి బిగిస్తే పక్కనే ఉన్న వలయం కూడా బిగుస్తుందన్న ఆలోచనతో వచ్చినది కారిలాన్. కవాటాన్ని తాకకుండానే పని జరగడం దీని సౌలభ్యం. అదే దారిలో గుండెకు రక్తం తెచ్చే ధమని ఒకటి ఉండటం, తీగ దానిని నొక్కే అవకాశం ఉండటం దీని లోపం.

కుడి వైపున ఉండే త్రిపత్ర కవాటానికి ట్రైక్లిప్ అనే పరికరానికి 2020లో ఐరోపాలో, 2024లో అమెరికాలో అనుమతి వచ్చింది. 2023లో వెలువడిన పరిశోధనలో దీని వలన రోగుల జీవన సౌఖ్యం మెరుగుపడింది కాని ఒక సంవత్సరంలో మరణాలు తగ్గినట్లు తేలలేదు. కృత్రిమ కవాటం అంచున కుట్టు వదిలి కారితే ఆ సందును మూయడానికి బిరడా వంటి పరికరాలు ఉన్నాయి.

భారతదేశంలో

మన దేశంలో కవాట చికిత్స చరిత్ర మార్పిడితోనే ముడిపడి ఉంది. తిరువనంతపురంలోని శ్రీ చిత్ర తిరునాళ్ వైద్య విజ్ఞాన సంస్థలో ఎం. ఎస్. వలియత్తాన్ నాయకత్వంలో రూపొందిన చిత్ర కవాటాన్ని 1990 డిసెంబరులో మొదటిసారి ఒక రోగికి అమర్చారు. అంతకు ముందు మూడు నమూనాలు పరీక్షలలో విఫలమయ్యాయి. లోహపు పంజరంలో వంగి తెరచుకునే ప్లాస్టిక్కు బిళ్ళ గల ఈ కవాటం దిగుమతి కవాటాలకన్నా ఎంతో చవుకగా దొరకడంతో లక్షకు పైగా రోగులకు చేరింది. హైదరాబాదులో క్షిపణి శాస్త్రవేత్త ఎ. పి. జె. అబ్దుల్ కలామ్, హృద్రోగ వైద్యుడు బి. సోమరాజు కలిసి 1990లలో తయారుచేసిన కలామ్-రాజు స్టెంటు కూడా ఇదే వరుసలోనిది. అది కవాటానికి కాక ధమనికి సంబంధించినదే అయినా, అమరిక పరికరాల ధర తగ్గించడానికి దేశీయ తయారీ ఎంత అవసరమో చెప్పడానికి తెలుగువారు తరచు ఉదహరించేది దానినే.

మైట్రాక్లిప్ భారతదేశంలో 2018 చివర, 2019 మొదట్లో వాడుకలోకి వచ్చింది. గుజరాత్‌లోని వాపి కేంద్రంగా పనిచేసే మెరిల్ సంస్థ 2025లో మైక్లిప్ పేరుతో దేశీయ క్లిప్పును విడుదల చేసింది.

ధర విషయంలో దాపరికం లేకుండా చెప్పుకోవాలి. అమెరికాలో ఒక రోగికి అయ్యే క్లిప్పు పరికరాల ఖరీదే సుమారు 30,000 డాలర్లు. అది పాతిక లక్షల రూపాయల పైమాట. తెలంగాణలో పేద కుటుంబాలకు వైద్య ఖర్చు భరించే ఆరోగ్యశ్రీ పథకం 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైంది. దాని పరిమితిని తెలంగాణ ప్రభుత్వం 2023 డిసెంబరు 9న కుటుంబానికి ఏడాదికి 10 లక్షల రూపాయలకు పెంచింది. రెండు సంఖ్యలనూ పక్కపక్కన పెట్టి చూస్తే సంగతి తెలుస్తుంది. తెరచిన గుండెపై చేసే కవాట శస్త్రచికిత్సలు మాత్రం మొదటి నుండి ఈ పథకంలో ప్రధాన భాగంగా ఉన్నాయి.

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాలలో

ఈ మూడు జిల్లాలు 2016 అక్టోబరు 11న జరిగిన పునర్వ్యవస్థీకరణలో పాత వరంగల్లు జిల్లా నుండి ఏర్పడినవి. భూపాలపల్లి నుండి ములుగు 2019 ఫిబ్రవరిలో విడిపోయింది. మూడింటికీ చిరకాలంగా పెద్దాసుపత్రి అంటే వరంగల్లులోని మహాత్మాగాంధీ స్మారక ఆసుపత్రి, అనగా ఎం.జి.ఎం. 1959లో ప్రారంభమైన కాకతీయ వైద్య కళాశాలకు ఇది బోధనాసుపత్రి. ఆ కళాశాల ఆవరణలో ప్రధానమంత్రి స్వాస్థ్య సురక్షా యోజన కింద కట్టిన సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రి తరువాత తోడైంది. మహబూబాబాద్‌లో 2022 నవంబరులో, జనగామ, భూపాలపల్లిలలో 2023 సెప్టెంబరులో ప్రభుత్వ వైద్య కళాశాలలు మొదలయ్యాయి. భూపాలపల్లిలో సింగరేణి కార్మికులకు సంస్థవారి ఆసుపత్రి వేరుగా ఉంది.

జనగామ సికింద్రాబాద్-కాజీపేట రైలు మార్గంపై, హైదరాబాదుకు సుమారు 85 కిలోమీటర్ల దూరంలో ఉంది. మహబూబాబాద్ కాజీపేట-విజయవాడ మార్గంపై ఉంది. భూపాలపల్లికి ప్రయాణికుల రైలు లేదు. హైదరాబాదుకు రోడ్డు దారి 200 కిలోమీటర్లు దాటుతుంది. కవాట చికిత్స ఒక్కరోజుతో అయ్యేది కాదు కనుక ఈ దూరాలు చికిత్సలో భాగమే. పరీక్షలకు ఒకసారి, చికిత్సకు ఒకసారి, తరువాత మొదటి నెలలో, ఆరవ నెలలో, ఏడాదికి ఎకో కోసం మళ్ళీ మళ్ళీ రావాలి. జిల్లా కేంద్రంలోనే ఎకో చేసి, ఆ నివేదికను చికిత్స చేసిన వైద్యుడికి పంపే ఏర్పాటు ఉంటే సగం ప్రయాణాలు తప్పుతాయి.

దూరం, డబ్బు రెండూ సమకూరినా అందరికీ క్లిప్పు పనికిరాదు. పాశ్చాత్య దేశాలలో క్లిప్పు రోగి సాధారణంగా డెబ్బై దాటిన వృద్ధుడు. అతని లీకుకు కారణం రెక్కల అరుగుదల లేదా పాత గుండెపోటు. మన పల్లెలలోను తండాలలోను కవాట రోగి తరచు యువకుడు లేదా యువతి. కారణం చిన్ననాటి కీళ్ళవాత జ్వరం. స్ట్రెప్టోకాకస్ అనే సూక్ష్మజీవి వలన గొంతునొప్పి వస్తుంది. దానిపై పోరాడటానికి శరీరం తయారుచేసే ప్రతిరక్షకాలు పొరపాటున సొంత కవాటాలపైనే దాడి చేస్తాయి. రెండు మూడు వారాలకు కీళ్ళ వాపులు, జ్వరం వచ్చి తగ్గిపోతాయి. కీళ్ళ నొప్పులు పూర్తిగా పోతాయి, కవాటం మాత్రం మచ్చపడి మిగులుతుంది. ఇరుకైన ఇళ్ళలో ఎక్కువమంది నివసించడం, గొంతునొప్పికి సరైన మందు అందకపోవడం దీనిని పెంచుతాయి.

ఇలాంటి కవాటంలో రెక్కలు దళసరెక్కి, అంచులు ఒకదానికొకటి అతుక్కుని, రజ్జువులు పొట్టివై ఉంటాయి. లీకుతో పాటు ఇరుకు కూడా ఉంటుంది. ముందు చెప్పుకున్న 4 చదరపు సెంటీమీటర్ల లెక్క ఇక్కడ పనికివస్తుంది. క్లిప్పు ఒకే ద్వారాన్ని రెండుగా చీల్చి వైశాల్యాన్ని తగ్గిస్తుంది. అసలే 4 కన్నా చిన్నదైన ద్వారానికి క్లిప్పు పెడితే లీకు తగ్గినా రక్తం ముందుకు పోవడమే కష్టమవుతుంది. కీళ్ళవాత జబ్బులో క్లిప్పు సాధారణంగా పనికిరాకపోవడానికి కారణం ఇది. ఇరుకు మాత్రమే ఉండి లీకు స్వల్పంగా ఉన్నవారికి బెలూను చికిత్స చక్కగా పనిచేస్తుంది. జపాను వైద్యుడు కాంజి ఇనోవే 1980లలో రూపొందించిన ఈ బెలూను మన దేశంలో వేలాదిమందికి శస్త్రచికిత్స తప్పించింది. లీకు ఎక్కువైతే శస్త్రచికిత్సే దారి: అనుభవం గల వైద్యుల చేతిలో వలయంతో మరమ్మతు, అది కుదరకపోతే మార్పిడి.

మరమ్మతు కుదిరితే యువతులకు దాని విలువ ఎక్కువ. లోహపు కవాటం పెట్టినవారు రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వంటి మందును జీవితాంతం వాడాలి, ఐ.ఎన్.ఆర్. అనే రక్తపరీక్ష తరచు చేయించుకుంటూ మోతాదు సరిచూసుకోవాలి. గర్భధారణలో ఆ మందు శిశువుకు హాని చేయవచ్చు. మానితే కవాటంపై గడ్డ కట్టవచ్చు. పరీక్ష అందుబాటులో లేని ఊరిలో ఇది రెండంచుల కత్తి. వలయంతో మరమ్మతు చేసినవారికి ఈ మందు సాధారణంగా మొదటి మూడు నెలలే అవసరం.

కీళ్ళవాత జ్వరం ఒకసారి వచ్చిన పిల్లలకు మళ్ళీ రాకుండా బెంజథిన్ పెన్సిలిన్ సూదిమందును మూడు వారాలకొకసారి, ఏళ్ళ తరబడి వేయాలి. సూది నొప్పిగా ఉంటుంది, పిల్లవాడు ఆరోగ్యంగా కనబడుతుంటాడు, కూలి మానుకుని ఆసుపత్రికి పోవాలి. ఈ మూడూ కలిసి తల్లిదండ్రులు మధ్యలోనే మానివేస్తారు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద అంగన్‌వాడీలలో, పాఠశాలలలో పరీక్షించవలసిన జబ్బులలో కీళ్ళవాత హృద్రోగం, పుట్టుకతో వచ్చే గుండె లోపాలు కూడా ఉన్నాయి. క్లిప్పు ఖరీదుతో పోల్చితే ఈ సూదిమందు ధర లెక్కలోనికి రాదు.

ఈ జిల్లాలలో క్లిప్పు పనికివచ్చే రోగులు లేరని దీని అర్థం కాదు. గుండెపోటు తరువాత జఠరిక సాగి లీకు వచ్చినవారు, రజ్జువు తెగిన వృద్ధులు ఇక్కడా ఉన్నారు. మధుమేహం, రక్తపోటు పెరుగుతున్న కొద్దీ మొదటి వర్గం పెరుగుతుంది. వారికి మందులు ముందు పూర్తి మోతాదులో వాడి చూడటం, ఆ తరువాతనే శస్త్రవైద్యుడు, హృద్రోగ వైద్యుడు, ఎకో నిపుణుడు కలిసి నిర్ణయం తీసుకోవడం సరైన క్రమం. రోగి తరఫువారు అడగదగిన ప్రశ్నలు కొన్ని ఉన్నాయి: లీకు ప్రాథమికమా ద్వితీయమా, కవాట ద్వారం వైశాల్యం ఎంత, మరమ్మతు కుదరకపోతే ఏమి చేస్తారు, ఈ చికిత్స ఆరోగ్యశ్రీ పరిధిలోకి వస్తుందా.

అమర్చిన తరువాత జాగ్రత్తలు

వలయం, కృత్రిమ రజ్జువు, క్లిప్పు ఏది అమర్చినా అది శరీరానికి పరాయి వస్తువే. రక్తంలో చేరిన సూక్ష్మజీవులు దానిపై గూడు కట్టవచ్చు. అందువలన పన్ను పీకించుకోవడం, చిగుళ్ళ చికిత్స వంటివాటికి ముందు దంతవైద్యునికి ఈ సంగతి చెప్పి, యాంటీబయాటిక్ మందు వేసుకోవాలి. పళ్ళు శుభ్రంగా ఉంచుకోవడం గుండెకు సంబంధించిన జాగ్రత్తే. కారణం తెలియని జ్వరం వారం దాటితే మామూలు జ్వరంగా భావించి సొంతంగా యాంటీబయాటిక్ మాత్రలు వేసుకోరాదు. రక్తాన్ని కల్చర్ పరీక్షకు ఇచ్చిన తరువాతనే మందు మొదలుపెట్టాలి, లేకుంటే సూక్ష్మజీవి ఏదో తెలుసుకోవడం కష్టమవుతుంది.

వార్ఫరిన్ వాడేవారు పాలకూర, తోటకూర వంటి ఆకుకూరలు పూర్తిగా మానవలసిన పనిలేదు. ఒక వారం రోజూ తిని మరుసటి వారం మానివేయడం వలన మందు మోతాదు తారుమారవుతుంది కనుక రోజూ ఇంచుమించు ఒకే పరిమాణంలో తినాలి. నొప్పి మాత్రలు, నాటుమందులు వైద్యునికి చెప్పకుండా వాడరాదు. క్లిప్పు ఉన్నవారికి నిర్ణీత పరిమితులలో ఎం.ఆర్.ఐ. పరీక్ష చేయవచ్చును. అందుకు పరికరం పేరు, సంఖ్య, అమర్చిన తేదీ గల కార్డును ఆసుపత్రి ఇస్తుంది. ఆ కార్డును ఆరోగ్యశ్రీ కార్డుతో పాటు జేబులో ఉంచుకోవడం మంచిది.